మిద్దె తీసే ముందు పర్మిషన్ సంగతి

చి.సౌ. సుజాతకు పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. కర్నూలు పాతబస్తీలో మీ మామగారి ఇల్లు అమ్మకుండా బాగు చేయించుకోవాలని మీరిద్దరూ అనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. వెనకవైపు మట్టి మిద్దె తీసేసి స్లాబ్ వేయాలి, దానిమీద పిల్లలకు రెండు గదులు కట్టాలి, మధ్యగోడ తీసి హాలు పెద్దది చేయాలి, ముందు గదిలో అల్లుడు మెడికల్ షాపు పెట్టాలి. ఇదీ మీ ఆలోచన. మేస్త్రి మాత్రం "సొంత ఇంట్లో రిపేరుకు పర్మిషన్ ఏందమ్మా" అన్నాడని చెప్పావు. ఆ మాట పట్టుకుని పని మొదలుపెట్టొద్దు. ఇళ్ళ ప్లాన్లు గీసి మున్సిపాలిటీలో పెట్టే పనిలోనే నా వయసంతా గడిచింది కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. అల్లుడితో కూడా చదివించు.

ఖర్చు ఎక్కువైతే పర్మిషన్ కావాలని, తక్కువైతే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఖర్చుకూ దీనికీ సంబంధం లేదు. ఇంటి ఎత్తు, అది ఆక్రమించే జాగా, బరువు మోసే గోడలు, ఇంటి వాడుక, వీటిలో ఏది మారినా అడగాలి. ఇవేవీ మారకపోతే మనిషి బట్టలు మార్చుకున్నట్టే, ఎవరినీ అడిగే పని లేదు. బేతంచెర్ల బండలు తీసి టైల్స్ వేయించు, గోడలకు మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించు, సున్నం, పెయింటింగ్, వైరింగ్, పాత తలుపులు తీసి కొత్తవి పెట్టడం, బాత్రూంలో పైపులు మార్చడం, ఇవన్నీ నిశ్చింతగా చేయించుకో. లక్షలు ఖర్చయినా వీటికి ప్లాన్ అవసరం లేదు.

మధ్యగోడ సంగతి వేరు. దాన్ని ముట్టుకునే ముందు కప్పు వైపు తలెత్తి చూడు. మీ ఇంట్లో దూలాల కొసలు ఏ గోడమీద ఆనుతున్నాయో కనిపిస్తుంది. దూలం మీద అడ్డంగా వేసే దంతెలు, వాటిమీద కట్టెలు, ఆపైన మట్టి, ఇంత బరువూ దూలం కొస దగ్గర జానెడు జాగాలో గోడమీదకి దిగుతుంది. అక్కడ సున్నం పెచ్చులు లేచి, సన్నటి పగులు కిందికి దిగి ఉంటే ఆ గోడ మోస్తున్నట్టే. ఒక గదిని రెండు చేయడానికి తర్వాత కట్టిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అయితే తీసేయొచ్చు. మట్టితో కట్టిన అడుగున్నర రాతిగోడ అయితే ఇంజనీరు చూడకుండా ఒక్క రాయి కూడా కదపొద్దు. మోసే గోడ తీయడం రిపేరు కిందికి రాదు. దానికి ప్లాన్ గీయించి పర్మిషన్ తీసుకోవాల్సిందే.

ఇక మిద్దె. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. మట్టి మిద్దె బరువు తక్కువేమీ కాదు. కాబట్టి దాని బదులు అయిదంగుళాల స్లాబ్ ఒక్కటే వేస్తే, గోడలు బాగుంటే, ఇంజనీరు ఏదో దారి చూపించవచ్చు. అయితే మీరు పైన గదులు కూడా అంటున్నారు. అయిదంగుళాల స్లాబే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. దానిమీద గోడలు, మళ్ళీ ఒక స్లాబ్, నీళ్ళ ట్యాంకు. మట్టి మీద నిలబడిన ఆ పాత రాతిగోడలు ఇంత మోయలేవు. పునాది తీసి పిల్లర్లు వేయాలి. అంటే కాగితాల లెక్కలో అది కొత్త ఇల్లే.

కొత్త ఇల్లు అనగానే కొత్త రూల్స్ వస్తాయి. ఈ ముక్క మేస్త్రిలు చెప్పరు. మీ ఇంటి గోడ ఇప్పుడు సందు అంచునే ఉంది. పాత ఇల్లు కాబట్టి అలా నడిచిపోతోంది. ఒకసారి పడగొట్టాక అదే గీత మీద మళ్ళీ గోడ లేపుతామంటే ఒప్పుకోరు. ముందు, పక్కల వదలాల్సిన జాగా వదలాలి. ఊరి మొత్తానికి వేసిన మాస్టర్ ప్లాన్‌లో ఆ సందు వెడల్పు చేయాలని ఉంటే అందులో పోయే జాగా కూడా తీసేసి లెక్క వేసుకోవాలి. మీది చిన్న జాగా. నాలుగు వైపులా కొంత కొంత పోతే పైన రెండు గదులు వేసుకున్న సంతోషం కింద ఒక గది పోవడంతో సరిపోతుంది. అందుకే పడగొట్టక ముందే ప్లాన్ గీయించి, ఎంత మిగులుతుందో చూసుకుని, అప్పుడు తేల్చుకోండి. నన్నడిగితే ముందు భాగం పడగొట్టకుండా బలం చేయించుకుని, వెనక భాగం మాత్రం ప్లాన్ ప్రకారం కొత్తగా కట్టుకోవడం మేలు.

హంద్రీ నది మీకు దగ్గర కదా, అది కూడా చూడాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు మీ వీధి ఎంత మునిగిందో మీ అత్తమ్మను అడుగు, ఆమెకు తెలియనిది కాదు. పట్టణం పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్ల లోపల కట్టడానికి వీల్లేదు. పది మీటర్ల కంటే వెడల్పైన వాగు, కాలువ అయితే 9 మీటర్లు వదలాలి. పైన గదులు వేస్తే కరెంటు తీగలు కూడా దగ్గరవుతాయి. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైన్ అయితే పక్కకు 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు దూరం ఉండాలి. పిల్లలు ఆడుకునే మిద్దె అది, ఈ విషయంలో మాత్రం ఎవరు ఏం చెప్పినా వినొద్దు.

మెడికల్ షాపుకు ఒక్క ఇటుక కదపకపోయినా వాడుక మారుతుంది. ఇల్లు దుకాణం అవుతుంది కాబట్టి మున్సిపాలిటీకి చెప్పాలి, ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి, కరెంటు మీటరు కమర్షియల్‌కు మార్చుకోవాలి, ఆస్తిపన్నూ మారుతుంది. కొత్త బోరు వేయించే ఆలోచన ఉంటే వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం కింద దానికి విడిగా అనుమతి కావాలి.

పర్మిషన్ కోసం ఆఫీసు చుట్టూ తిరగాలేమోనని టెన్షన్ పడకు. ఇప్పుడు అంతా ఆన్‌లైన్. లైసెన్స్ ఉన్న ఇంజనీరు, ఎల్‌టీపీ అంటారు, ప్లాన్ గీసి అప్‌లోడ్ చేస్తాడు. 2025 నుంచి సెల్ఫ్ సర్టిఫికేషన్ కూడా వచ్చింది. రూల్స్ ప్రకారమే కడతామని యజమాని, ఎల్‌టీపీ హామీ ఇస్తే పని తొందరగా అవుతుంది. "ఇప్పుడు పర్మిషనే అక్కర్లేదంట" అని కొందరు దీన్నే తప్పుగా చెప్తున్నారు. పర్మిషన్ ఉంది, దారి సులువైంది, బాధ్యత మాత్రం మన మీదకి వచ్చింది. హామీ ఇచ్చిన దానికీ కట్టిన దానికీ తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మీరే. ఎవరో బ్రోకరు "నేను చూసుకుంటాలే" అంటే డబ్బులు ఇవ్వొద్దు. ఫీజు ఏది కట్టినా ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకో.

పర్మిషన్ లేకుండా కడితే ఏమవుతుందని అల్లుడు అడుగుతాడు. నోటీసు రావచ్చు, పని ఆపేయమనవచ్చు, పడగొట్టనూ వచ్చు. అవేవీ జరగకపోయినా బ్యాంకు దగ్గర చిక్కుపడతారు. లోన్ అడిగితే మొదట చూసేది ప్లానే. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇల్లు ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం, చూసుకునే లోన్ ఇవ్వాలని బ్యాంకులకు చెప్పింది. తర్వాత బీపీఎస్, అంటే పర్మిషన్ లేని ఇళ్ళను రెగ్యులరైజ్ చేసే స్కీము, వస్తుందిలే, జరిమానా కట్టి సరి చేసుకుందాం అనే ధైర్యంతో కట్టొద్దు. ఆ స్కీము వచ్చినప్పుడు కట్టే డబ్బు మామూలు ఫీజు కంటే చాలా ఎక్కువ. నది అంచున, ప్రభుత్వ జాగాలో కట్టినవాటిని అందులోనూ తీసుకోరు.

ఇంకొక పని ఉంది. ఆస్తిపన్ను ఇప్పటికీ మీ మామగారి పేరు మీదే వస్తోందని విన్నాను. అప్లికేషన్ పెట్టాలంటే ఇంటి మీద హక్కు ఎవరిదో కాగితాల్లో తేలాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని పేరు మార్పు ముందు చేయించండి. అల్లుడి అక్కచెల్లెళ్ళతో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. పునాది తీశాక మాట్లాడితే మాటలు పెరుగుతాయి. పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడ ఉంది కదా, వాళ్ళకు కూడా ముందే చెప్పి, ఆ గోడకు ఇప్పుడున్న పగుళ్ళు వాళ్ళ ఎదురుగానే ఫోటోలు తీసి పెట్టుకో.

సోమవారం వార్డు సచివాలయానికి వెళ్ళి ప్లానింగ్ సెక్రటరీని కలువు. ఇంటి నంబరు చెప్పి, సందు వెడల్పు చేసే ప్లాన్ ఉందా అని అడుగు. బీరువాలో పాత దస్తావేజులు, పన్ను రసీదులు ఏం దొరికినా ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తాను. అప్పటిదాకా మేస్త్రికి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇట్లు,
నీ పెద్దనాయన