పసుపెక్కిన ఆకు గురించి రాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యాలు తడబడకుండా నడుస్తున్నాయి, చదివేవాళ్ళంటే నీకు ప్రేమ ఉందని కూడా తెలుస్తోంది. ఒక్క చోట మాత్రం నిన్ను ఆపాలి. ఇంట్లో కుండీ మొక్కకి ఆకులు పసుపెక్కాయంటే అది నత్రజని లోపమేనని మొదట్లోనే తేల్చేశావు, ఆ వెంటనే ఎంత ఎరువు వెయ్యాలో కొలత కూడా ఇచ్చేశావు. నీ మాట నమ్మి ఎరువు పోసినవాళ్ళ కుండీలో అప్పటికే నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళుతూ ఉంటే? మొక్క చచ్చిపోతుంది, వాళ్ళు "నా చేతికి మొక్కలు బతకవు" అనుకుని పెంచడమే మానేస్తారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మందు చెప్పే ముందు చదివేవాళ్ళ చేత మొక్కని చూపించు. నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతాదంతా ఎలా చూపించాలన్న వివరమే.

ముందు అడగాల్సింది, పసుపు ఎక్కడ మొదలైంది అని. కింది ముదురాకుల్లోనా, పైన చిగుళ్ళలోనా? నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం తక్కువైనప్పుడు మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగుళ్ళకి పంపుకుంటుంది, కాబట్టి ముందు కింది ఆకులే దెబ్బతింటాయి. ఇనుము, మాంగనీసు, కాల్షియం లాంటివి ఒకసారి ఆకులో చేరాక అంత సులువుగా కదలవు, అవి అందకపోతే దెబ్బ ముందు లేతాకులకే తగులుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యేలా చెప్పగలిగితే నీ వ్యాసం సగం పని చేసినట్టే.

తర్వాత ఆకుని చూడమను. పైపైన కాదు, కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకుని. ఈనెలతో సహా ఆకంతా ఒకే తీరుగా పాలిపోయి, అది కింది ఆకైతే నత్రజని వైపు చూడొచ్చు. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం మాత్రం పసుపెక్కితే, అది ముదురాకు అయినప్పుడు మెగ్నీషియం, లేతాకు అయినప్పుడు ఎక్కువగా ఇనుము. చూశావా, ఆకు మీద బొమ్మ దాదాపు ఒకటే, కానీ కొమ్మ మీద ఆకు ఎక్కడుందన్నదాన్ని బట్టి అర్థం మారిపోతోంది. నువ్వు పెట్టిన ఫోటోలో తెంపిన ఆకు ఒక్కటే ఉంది. అందంగానే ఉంది గానీ అది ఏ కొమ్మదో, ఎన్నో ఆకో తెలియకపోతే దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆ ఫోటో తీసేయ్, మొక్క మొత్తం కనపడేది పెట్టు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. ఇంట్లో మొక్కలకి చాలామంది ఎల్‌ఈడీ గ్రో లైట్లు పెడుతున్నారు, వాటిల్లో ఊదారంగువి కొన్ని. ఆ వెలుతురులో పచ్చటి ఆకు నల్లగా కనపడుతుంది, పసుపు ఎర్రగానో గోధుమ రంగులోనో కనపడుతుంది, దానికి తోడు ఫోన్ కెమెరా తనకి తోచినట్టు రంగులు సర్దేస్తుంది. ఆ లైటు ఆపి, పగటి వెలుతురులోకి తెచ్చి చూడమని గట్టిగా రాయి. లైటుకి మరీ దగ్గరగా ఉన్న పై ఆకులు మాత్రమే పాలిపోయి తెల్లబడుతుంటే అది పోషకాల గొడవ కాకపోవచ్చని, లైటుని కొంచెం ఎత్తి చూడమని కూడా రాయి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. దీనికి నువ్వు ఒక్క పంక్తి ఇచ్చావు, నన్నడిగితే వ్యాసంలో పెద్ద భాగం దీనికే ఇవ్వాలి, ఎందుకంటే ఇంటి లోపల పెంచే మొక్కలు ఎరువు లేక పాడయ్యేదానికంటే నీళ్ళు ఎక్కువై పాడవ్వడమే నేను ఎక్కువగా చూస్తాను. వేళ్ళకి నీళ్ళు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలో సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వేళ్ళకి ఆక్సిజన్ అందదు, ఊపిరాడని వేరు పోషకాలని పీల్చుకోలేదు, అప్పుడు ఆకు నిజంగానే ఆకలితో పసుపెక్కుతుంది, అది కూడా తరచుగా కింది ఆకుల నుంచే. అంటే కుండీలో నత్రజని కావలసినంత ఉన్నా మొక్క మాత్రం లేనట్టే కనపడుతుంది. ఇలాంటి చోట ఎరువు పోయమంటే మనమే దాన్ని చంపినట్టు.

కాబట్టి చేత్తో చేసే పరీక్షలు చెప్పు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి చూడాలి. కుండీని ఎత్తి బరువు చూడాలి, నీళ్ళు పోసిన రోజూ, పోయాల్సిన రోజూ ఎత్తి చూస్తుంటే కొన్నాళ్ళకి చేతికే తెలిసిపోతుంది. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిపోయి ఉంటే వేళ్ళ మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడు కుండీని పక్కకి వంచి, మట్టిగడ్డ విరగకుండా మెల్లగా బయటికి తియ్యాలి. మంచి వేరు తెల్లగానో లేత రంగులోనో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్ళిన వేరు గోధుమ రంగుకి తిరిగి మెత్తగా ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పై తోలు ఊడి చేతికొస్తుంది, లోపల సన్నటి దారం లాంటిది మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. ఇంత వివరంగా రాస్తే చదివేవాళ్ళు భయపడతారేమో అనుకోకు. ఎలా ఉంటుందో ముందే తెలిసినవాళ్ళు చూసినప్పుడు గుర్తుపడతారు.

వేళ్ళు బాగున్నాయి, ఎరువూ వేస్తున్నారు, అయినా లేతాకుల ఈనెల మధ్య పసుపు పోవట్లేదంటే పీహెచ్, అంటే మట్టి పులుపు వైపుందో క్షారం వైపుందో చెప్పే కొలత, దాని దగ్గరికి రావాలి. కుండీ మట్టి క్షార గుణం వైపు జరిగితే ఇనుము మట్టిలోనే ఉంటుంది గానీ వేరుకి అందే రూపంలో ఉండదు. సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న కఠిన జలం ఏడాది పొడుగునా పోస్తుంటే ఇలా అవుతుంది. చాలా కుండీ మొక్కలకి పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే సుఖం. ఇక్కడ ఇంకో ఎరువు డబ్బా కొనమనకు, ముందు పీహెచ్ కొలవమను. అలాగే ఆకు కొసలు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే ఎరువు ఎక్కువైందేమో చూడమను. నిజంగా ఎక్కువైతే, కింది రంధ్రాల్లోంచి బాగా కారిపోయేదాకా మంచినీళ్ళు పోసి కడగడం మేలు.

పురుగుల గురించి క్లుప్తంగా చాలు. ఆకు మీద సూదితో గుచ్చినట్టు సన్నటి పసుపు చుక్కలుంటే ఆకు తిప్పి అడుగు భాగం చూడాలి. తెల్లకాగితం కింద పట్టి కొమ్మని తడితే నలుసుల్లాంటివి రాలి మెల్లగా కదులుతాయి, అవి ఆకు రసం పీల్చే మొక్కల నల్లులు (స్పైడర్ మైట్స్). మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టి, ఆకుల అడుగు భాగం నీళ్ళతో కడిగి, ఆ తర్వాత మందు సంగతి.

ఏ జబ్బూ లేకుండా పండే ఆకులూ ఉంటాయి, వాటి గురించి నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. అన్నిటికంటే కింద, నీడలో ఉన్న పాత ఆకు ఒకటో రెండో అప్పుడప్పుడు పండి రాలడం మామూలే. పైన చిగుళ్ళు పచ్చగా వస్తున్నంతవరకు టెన్షన్ అక్కర్లేదని రాయి.

ఇంకో మాట. 1860 ప్రాంతంలో జర్మనీలో యూలియస్ ఫాన్ సాక్స్ లాంటి వృక్షశాస్త్రవేత్తలు మట్టి లేకుండా, లవణాలు కరిగించిన నీళ్ళలోనే మొక్కలు పెంచారు. అలాంటి నీళ్ళలోంచి ఏదో ఒక్క లవణాన్ని తప్పించి, మిగతావన్నీ ఉంచి చూస్తేనే ఏది లేకపోతే ఆకు ఎలా మారుతుందో తేలింది. మనవాళ్ళు ఒకే రోజు కుండీ మార్చి, ఎరువు వేసి, మందు కొట్టి, కిటికీ దగ్గరికి జరుపుతారు. మొక్క బతికినా పోయినా కారణం తెలియదు. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యమను, అదీ హాని తక్కువ ఉన్నదాంతో మొదలుపెట్టమను. తడి మట్టికి నీళ్ళు ఆపడం వల్ల పోయేదేమీ లేదు, ఎరువు మాత్రం ఒకసారి పోశాక వెనక్కి తీసుకోవడం కష్టం.

అలాగని ప్రతి వాక్యం చివరా "కావచ్చు" తగిలించి తప్పించుకోకు. ఫలానాది కనపడితే ఫలానా కారణం అనుకో, అది నిజమో కాదో ఇలా పరీక్షించుకో అని సూటిగా చెప్పు. ఫలితం కోసం ఎక్కడ చూడాలో కూడా చెప్పు. పూర్తిగా పసుపెక్కిన ముదురాకు మళ్ళీ పచ్చబడటం చాలా అరుదు, దాన్నే చూస్తూ కూర్చుంటే వైద్యం పనిచెయ్యలేదనుకుని ఇంకో డోసు పోసేస్తారు. కొత్తగా విప్పుకునే ఆకు రంగు చూడమను, ఓ రెండు వారాలు ఆగమను.

తిరగరాసి పంపు. మొక్క మొత్తం ఫోటోతో పాటు ఆకు అడుగు భాగం ఫోటో కూడా పెట్టు, రెండూ పగటి వెలుతురులో తీసినవే.

ఉంటాను,
మీ అన్న