ఇంగ్లండ్ పల్లెటూళ్లలో పాత చర్చిలు చూడటం దండగా?

కేంబ్రిడ్జ్‌లో ఉంటున్నాం, వీకెండ్‌లో చుట్టుపక్కల పల్లెల్లో పాత చర్చిలు చూడటం దండగా అని అడిగారు. దండగేం కాదండీ. టికెట్ కొని క్యూలో నిలబడి చూసే పెద్ద కెథీడ్రళ్ల కంటే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో యాష్‌వెల్ అనే ఊళ్లోని సెయింట్ మేరీ చర్చి నా లెక్కలో వంద రెట్లు నయం.

ముందే చెప్తున్నా, స్టేషన్ పేరు యాష్‌వెల్ అండ్ మోర్డెన్ గానీ ఊరు అక్కడ ఉండదు. శ్రీకాకుళం రోడ్ అని ఆమదాలవలసలో దించినట్టే. రెండు మైళ్లు నడక. మేం ఆదివారం వెళ్లాం, బస్సు లేదు, పైగా వాన, సగం దారిలోనే మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. 176 అడుగుల టవర్ దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి దారి మాత్రం తప్పలేదు.

కట్టింది 14వ శతాబ్దంలో, మెత్తటి సుద్దరాయితో. టవర్ కింద ఉత్తరపు గోడ దగ్గర ఒక పెద్దాయన నా ఫోన్ లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి వాల్చి పట్టమన్నాడు. అప్పటిదాకా ఏమీ లేని గోడ మీద లాటిన్ అక్షరాలు లేచాయి. 1350 నాటి ప్లేగు గురించి, అదెంత క్రూరమో, సాక్ష్యానికి మిగిలింది దిక్కుమాలిన జనమేనని. ఆ తర్వాత 1361లో వచ్చిన పెనుగాలి. కింద ఇంకో పెద్ద చర్చి బొమ్మ, లండన్‌లో 1666లో తగలబడిపోయిన పాత సెయింట్ పాల్స్ అంటారు.

అప్పట్లో చర్చి అంటే ప్రార్థనకే కాదు. జనం నిలబడే హాలు బాగుచేయించే బాధ్యత ఊరివాళ్లదే, ఆ డబ్బుల కోసం బీరు కాచి అమ్మేవాళ్లు. ఇప్పుడేమో గుళ్లో గట్టిగా నవ్వినా గుర్రుగా చూస్తారు.

గోల్కొండ గోడల మీద ప్రేమజంటల పేర్లు చూసి తిట్టుకునే నేను ఇక్కడ స్తంభాలన్నీ తడిమి తడిమి వెతికాను. ఒకదాని మీద, ఇదీ లాటిన్‌లోనే, మూలలు సరిగ్గా కలవలేదు, ఉమ్మేస్తున్నా అని ఉంది. నా దృష్టిలో అది రాసినవాడు ఖచ్చితంగా ఇంకో మేస్త్రీయే. మా ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు వంటింటి మూల చూసి నాన్న అన్నదీ అచ్చం అదే. ఫొటో తీసి ఆయనకి పంపిస్తే వెంటనే ఫోన్ చేశారు: "వాడికి డబ్బులు ముందే ఇచ్చేశారట్రా?"