రెండో ఆపరేషన్‌కి ముందు

చిన్నా,

నాన్నకి మళ్ళీ తల ఆపరేషన్ చేయిద్దామని హైదరాబాద్‌లో మాట్లాడొచ్చావని మీ అమ్మ చెప్పింది. రిపోర్టులన్నీ నువ్వే చదివి డాక్టర్ని అడగాల్సినవన్నీ అడిగావట. గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పాత ఎమ్మారై సీడీలన్నీ పట్టుకెళ్ళు.

నాన్నకొచ్చిన ఈ మెదడు క్యాన్సర్ గడ్డ, గ్లయోబ్లాస్టోమా, తిరగబెట్టినప్పుడు వయసు తక్కువైతే మేలు, గడ్డ చిన్నదైతే మేలు, మాటకీ చేతికీ సంబంధించిన చోట లేకపోతే మేలు. ఇవేవీ మన చేతిలో లేవు. మనిషి తన పనులు తాను చేసుకుంటుండగానే ఆపరేషన్‌కి తీసుకెళ్ళడం ఒక్కటే కాస్త మన చేతిలో ఉంది. దానికి డాక్టర్లు కార్నాఫ్‌స్కీ స్కోరని నూటికి మార్కులు వేస్తారు. 70 అంటే స్నానం, తిండి తనే చూసుకుంటాడు, ఉద్యోగం చేయలేడు. కాకినాడలో నర్సుగా చేసినన్నాళ్ళూ ముందు ఆ అంకె కోసమే చూసేదాన్ని.

మా బావగారి సంగతి నీకు తెలీదు. గడ్డ తిరిగొచ్చింది, వెంటనే రమ్మన్నారు. ఇంట్లో పెద్దలు మూఢం వెళ్ళాక చూద్దామన్నారు. ఈలోగా డెక్సా మాత్రలతో మెదడు వాపు తగ్గి మనిషి లేచి కూర్చున్నాడు. పులస పులుసు అడిగి మరీ తిన్నాడు, కాలవ గట్టుదాకా నడిచాడు. ఇంకేం, గడ్డ కరిగిపోతోంది, ఆపరేషన్ ఎందుకన్నారు. మాత్ర తగ్గించింది వాపునే. గడ్డ దాని మానాన అది పెరిగింది. తీరా బయలుదేరేసరికి కుడిచెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కోసినా లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండన్నారు. ఆ పెద్దల్లో ఒకాయన ఇప్పటికీ అంతా కర్మ అంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకే నాన్న ఇప్పుడు బాగున్నాడంటే అది మాత్ర చలవేమో అడుగు. అలాగని మాత్రలు ఠక్కున ఆపేసేవు, చంపేస్తాను. స్కాన్‌లో కనిపించేదంతా తీయగలరా అని కూడా అడుగు. చాలావరకు మిగిలిపోయేట్టయితే కోత బాధే దక్కుతుంది. రేడియేషన్ పడ్డ చర్మం త్వరగా మానదు. గడ్డకి బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చుంటే డాక్టర్‌కి ముందే చెప్పు, దానితోనూ కోత త్వరగా మానదు.

జబ్బు మొత్తం పోగొట్టే ఆపరేషన్ కాదురా ఇది. కొన్ని నెలలు దక్కచ్చు. వాటి కోసం మాట పోయినా సరేనా అని నాన్ననే అడగాలి. వరద కాలవలోకి మా మాట వినకుండా దూకినవాడు, ఇప్పుడు మన ఇష్టానికి తలూపుతాడనుకోకు. నీకు నోరు రాకపోతే నేనడుగుతాను.

కొబ్బరితోట బేరం పెట్టావట. ఆ మాట వాడి దగ్గర ఎత్తకు. ముందు ఆరోగ్యశ్రీలో ఏమొస్తుందో కనుక్కో. బయలుదేరే రోజు చెప్పు, రావులపాలెంలో కారెక్కుతాను.

మీ మేనత్త