విద్యార్థులకు డ్యూటీలో పని నేర్పినందుకు అదనపు వేతనం అడగవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, అత్యవసర విభాగంలోనూ అంబులెన్స్‌లోనూ ఆరేళ్లుగా ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా) పనిచేస్తున్నాను. జీతం నెలకు రూ.24,000, డ్యూటీ ఎనిమిది గంటలు. రెండేళ్లుగా పారామెడికల్ కళాశాలల విద్యార్థులను ఇద్దరు ముగ్గురు చొప్పున నా డ్యూటీలో వేస్తున్నారు. వారికి పని నేర్పడం, పొరపాటు జరగకుండా చూడడం, వారు చేసిన పని నమోదయ్యే లాగ్‌బుక్‌లలో సంతకాలు పెట్టడం అన్నీ నావే. బయోమెట్రిక్ వేసి డ్యూటీ దిగిన తర్వాత కూడా ముప్పావు గంట ఆగవలసి వస్తోంది. కళాశాలల నుంచి ఆసుపత్రి ఫీజు తీసుకుంటోంది గానీ మాకు పైసా ఇవ్వడం లేదు. అమెరికాలో ఇదే పని చేసే మా బావగారికి గంటకు ఇంతని అదనంగా ఇస్తారట. ఇక్కడ నేను చట్టప్రకారం అడగవచ్చా?

జవాబు: మీరు ఒకటిగా అడిగినవి నిజానికి రెండు హక్కులు. డ్యూటీ వేళల్లో నేర్పినందుకు ప్రత్యేక భత్యం కోరడం ఒకటి, డ్యూటీ ముగిశాక ఆగినందుకు డబ్బు కోరడం మరొకటి. మొదటిది ఇప్పటికి బలహీనమైనది, రెండవది గట్టిది. ఈ రెంటినీ ఒకే అర్జీలో కలిపి రాస్తే గట్టిది కూడా నీరుగారిపోతుంది.

బలహీనం అనడానికి కారణం ఉంది. ఫలానా పనితో పాటు విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగికి ఇంత అదనంగా ఇవ్వాలని మన కార్మిక చట్టాలలో ఎక్కడా లేదు. మీ బావగారి విషయంలోనూ అంతే. అమెరికా సమాఖ్య చట్టం కనీస వేతనానికి, ఓవర్‌టైమ్‌కు మాత్రమే పూచీ పడుతుంది. శిక్షణ భత్యం యజమాని విధానంలో నుంచో, యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందంలో నుంచో వస్తుంది. కాబట్టి మీ నియామక పత్రంలో గానీ, ఆసుపత్రి ఉత్తర్వులో గానీ, యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలో గానీ అటువంటి భత్యం ఉందేమో ముందు చూడండి. ఉంటే పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోని 59వ సెక్షన్ కింద రాబట్టుకోవచ్చు. లేకపోతే ఆ దారి పనికిరాదు. అప్పటికే ఉన్న హక్కును లెక్కగట్టి ఇప్పించడానికే గానీ, లేని హక్కును కొత్తగా సృష్టించడానికి ఆ విచారణ కాదని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఇటువంటి నిబంధనపై 1994లో గణేశ్ రజాక్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనికి ప్రతిఫలం ఇవ్వాలి కదా అని మీ మిత్రులెవరైనా చెప్పవచ్చు. అయితే ఆ పని అప్పటికే ఉన్న ఒప్పందం పరిధిలోకి వస్తే ఆ సెక్షన్ అక్కరకు రాదు, పైగా చాలా నియామక పత్రాలలో ‘యాజమాన్యం అప్పగించే ఇతర పనులు’ అనే వాక్యం ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. కళాశాల కట్టే ఫీజు కూడా ఆ రెండు సంస్థల మధ్య ఒప్పందం; దానిలో మీరు పక్షం కారు. బేరసారాల్లో మాత్రం ఆ ఫీజు మీకు మంచి ఆయుధమే.

ఇక డ్యూటీ దిగాక ఆగే ముప్పావు గంట సంగతి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్, 2019లోని 14వ సెక్షన్ ప్రకారం, రోజువారీ పనివేళలకు మించి చేసిన ప్రతి గంటకూ, గంటలో కొంత భాగానికీ కూడా, మామూలు వేతనానికి రెట్టింపుకు తగ్గకుండా చెల్లించాలి. మీ జీతమంతా వేతనం కిందికే వస్తుందని, నెలకు 26 పనిదినాలని అనుకుంటే గంటకు సుమారు రూ.115 అవుతుంది. రెట్టింపు లెక్కన ముప్పావు గంటకు రూ.173, నెలంతా అలాగే ఆగితే దాదాపు రూ.4,500. ఇంటి అద్దె భత్యం వంటివి విడిగా ఉంటే ఈ అంకె కొంత తగ్గుతుంది. యజమాని ఇవ్వకపోతే 45వ సెక్షన్ కింద నియమిత అధికారి వద్ద మూడేళ్లలోపు దరఖాస్తు చేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఆయనకు ఉంది. పైన చెప్పిన తేదీకి ముందరి బకాయికి పాత చట్టాలే వర్తిస్తాయని, వాటి గడువు చాలా తక్కువని ఎదుటివారు వాదించే అవకాశం ఉన్నందున ఆలస్యం చేయకండి.

చిక్కల్లా సాక్ష్యంలోనే ఉంది. బయోమెట్రిక్ ప్రకారం మీరు డ్యూటీ ముగియగానే వెళ్లిపోయారు! అందువల్ల ఇకనుంచి లాగ్‌బుక్‌లో సంతకం పక్కన తేదీతో పాటు సమయం కూడా వేయండి, ఆ పేజీని ఫొటో తీసి ఉంచుకోండి. ‘పిల్లలకు లాగ్‌బుక్ పూర్తిచేయించి వెళ్లు’ వంటి వాట్సాప్ సందేశాలను ఇన్‌ఛార్జి పంపి ఉంటే చెరపకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

అర్జీలో మిమ్మల్ని మీరు ‘సూపర్‌వైజర్’ అని రాసుకోకండి. పర్యవేక్షక హోదాలో నెలకు రూ.18,000కు మించి వేతనం పొందేవారు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ‘కార్మికుడు’ అనే నిర్వచనంలోకి రారు, మీ జీతం ఆ గీత దాటింది. ‘బోధకుడిని’ అన్నా ప్రమాదమే, ఎందుకంటే ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ ప్రధాన విధి రోగికి అత్యవసర సేవ చేయడమని, విద్యార్థులను చూడడం దానికి అనుబంధమని రాయండి. న్యాయస్థానాలు చూసేది ప్రధాన విధినే.

కొత్తగా భత్యం కావాలంటే యూనియన్ ద్వారా డిమాండు పెట్టించి, కార్మిక శాఖ రాజీ అధికారి ముందుకు తీసుకువెళ్లాలి. మీరొక్కరే వివాదం లేవనెత్తడానికి చట్టం ఒప్పుకునేది ప్రధానంగా తొలగింపు వంటి సందర్భాలలోనే. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి వంటి చోట్ల పనిచేసే రెగ్యులర్ ఉద్యోగులకు దారి వేరు. అప్పుడప్పుడు వచ్చే, మిక్కిలి శ్రమతో కూడిన పనికి ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 46 కింద గౌరవ వేతనం మంజూరు చేయవచ్చు గానీ, దానికి సాధారణంగా ముందస్తు అనుమతి, ముందే నిర్ణయించిన మొత్తం ఉండాలి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. కదులుతున్న అంబులెన్స్‌లో మీ కనుసన్నల్లో విద్యార్థి ఇచ్చిన ఇంజెక్షన్ వికటిస్తే మొదట ప్రశ్నించేది మిమ్మల్నే. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది, రెండేళ్లకు పరిమితం చేసే వెసులుబాటు రిజిస్టర్డ్ వైద్యులకే గానీ ఈఎంటీలకు లేదు. అందువల్ల ఒక్కో డ్యూటీలో ఎంతమంది విద్యార్థులు, వారు ఏ పనులు చేయవచ్చు, ఏవి చేయకూడదు, మీ డ్యూటీ ఎప్పటికి ముగుస్తుంది అన్న వివరాలతో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా యాజమాన్యానికి ఈ వారమే స్పీడ్ పోస్టులో లేఖ పంపి, రసీదు దాచుకోండి. వారు ఉత్తర్వు ఇస్తే మీ అదనపు పనికి రుజువు దొరుకుతుంది. ఇవ్వకపోయినా మీరు అడిగినట్టు ఆ రసీదు సాక్ష్యంగా నిలుస్తుంది.