వీడియోలో మానసిక వైద్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు కలిగే మానసిక జబ్బు) అని విశాఖపట్నంలో చెప్పి రెండేళ్లయింది. మందులు పడుతున్నాయి. మాది పాడేరు దగ్గర ఊరు, వెళ్లి చూపించుకొచ్చిన ప్రతిసారీ ఇద్దరి కూలి పోతోంది. ఇకనుంచి వీడియోలో చూపిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: చాలావరకు సరిపోతుందమ్మా. జబ్బు ఏమిటో తేలి, మందు కుదిరినవాళ్లకు వీడియో వైద్యం బాగా పనికొస్తుంది. మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో ఈ-సంజీవని (ప్రభుత్వ వీడియో వైద్య సేవ) ద్వారా మానసిక వైద్యులు ఏ రోజుల్లో దొరుకుతారో ముందే కనుక్కోండి. అయితే ఫోన్ తెర మీద డాక్టరుకు ముఖం ఒక్కటే కనిపిస్తుంది. మిగతాదంతా మీరు అందించాలి.

అన్నిటికన్నా ముందు మాత్రలు లెక్కపెట్టండి. రోజుకొకటి చొప్పున 30 మాత్రలు తెచ్చి 20 రోజులైతే 10 మిగలాలి. 16 మిగిలాయంటే ఆరు రోజులు వేసుకోలేదన్నమాట. ఈ సంగతి తెలియకపోతే మందు చాలడం లేదనుకుని డాక్టరు మోతాదు పెంచే ప్రమాదం ఉంది. ఈ జబ్బుకిచ్చే ఒలాంజపిన్, రిస్పెరిడోన్ లాంటి మందులతో బరువు, చక్కెర పెరగొచ్చు. కాబట్టి నెలకోసారి ఒకే కాటా మీద బరువు చూసి రాసిపెట్టండి. పరగడుపు షుగరు పరీక్ష మందు మొదలైన మూడు నెలలకు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికోసారి చేయించాలి.

కాల్ సమయానికి వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. కిటికీ వెనక ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. ఫోన్ కళ్ల ఎత్తులో ఆనించి పెట్టి, రెండు చేతులు చాపించి చూపించండి, పదడుగులు నడిపించండి. మందుల వల్ల వచ్చే వణుకు, బిగుసుకుపోవడం, నడకలో చేతులు ఊగకపోవడం అక్కడే బయటపడతాయి. సిగ్నల్ తగ్గితే వీడియో ఆపి మాట మాత్రం కొనసాగించండి.

మొదటి పది నిమిషాలు అతణ్ణి ఇయర్‌ఫోన్స్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. చావు ఆలోచనలైనా, మాత్రలు పారేస్తున్న సంగతైనా అక్క ముందు చెప్పుకోలేడు. ఫోన్ తనను కనిపెడుతోందని అనుమానపడే దశలో ఉంటే మాత్రం వీడియో ఆ భయాన్ని పెంచుతుంది. అప్పుడు విశాఖ వెళ్లక తప్పదు. కాల్ ముగిసేలోపే మందు జెనరిక్ పేరు (కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు) రాసుకుని, మండలంలోని మందుల షాపులో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ప్రత్యామ్నాయం అక్కడికక్కడే అడగొచ్చు.

ప్రశ్న: మా అమ్మకు బైపోలార్ జబ్బు (ఒకసారి అతి ఉత్సాహం, ఒకసారి తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు), దానికి లిథియం మాత్రలు వాడుతోంది. కరువు పనికి వెళ్లొచ్చాక చేతులు బాగా వణుకుతున్నాయంటోంది. వీడియో అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత ఉంది. ఆగొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆగొద్దు. డాక్టరుకు ఈరోజే ఫోన్ చేయండి. లిథియంతో సన్నటి వణుకు మామూలే గానీ, ఎండలో పని చేశాక పెరిగిందంటే అనుమానించాల్సిందే. చెమటతో నీరు, ఉప్పు పోయినప్పుడు కిడ్నీలు ఉప్పుతోపాటు లిథియాన్నీ వెనక్కి పట్టుకుంటాయి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారే, ఆ రోజుల్లో అదే మోతాదు విషంగా మారొచ్చు. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకున్నా లిథియం పెరుగుతుంది. నొప్పికి పారాసెటమాల్ మేలు.

వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, అడుగు తడబడటం ఉంటే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవి లేకపోతే లిథియం రక్తపరీక్ష, దాంతోపాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. చివరి మాత్రకు 12 గంటల తర్వాత రక్తం తీయాలి. రాత్రి 8కి వేసుకుంటే ఉదయం 8కి తీసి, ఆ తర్వాతే ఉదయం మాత్ర. రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. ల్యాబ్‌లో ఒక మాట చెప్పండి: ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నింటిలో రక్తం గడ్డకట్టకుండా వేసే లిథియం హెపారిన్ ఉంటుంది, వాటిలో తీస్తే ఫలితం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: ఆరు నెలలుగా ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) వాడుతున్నాను. ఫోన్‌లో చూసిన డాక్టరు రాయనన్నారు. ఎందుకు?

జవాబు: 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుపదార్థాల చట్టం కిందికొచ్చే మందులు ఫోన్, వీడియోల్లో రాయకూడదు. ఆల్ప్రజోలం అందులో ఒకటి. అలాగని హఠాత్తుగా మానేయొద్దు, ఫిట్స్ రావొచ్చు. మాత్రలు అయిపోకముందే డాక్టరును స్వయంగా కలిసి, మెల్లమెల్లగా తగ్గించే పద్ధతి రాయించుకోండి.

ప్రశ్న: 14416కు చేస్తే ఎవరు మాట్లాడతారు?

జవాబు: అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. నిద్రపట్టకపోయినా, దిగులుగా ఉన్నా చేయొచ్చు, పెద్ద జబ్బే అయి ఉండక్కర్లేదు. చనిపోతానంటున్న మనిషి ఇంట్లో ఉంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంటి నుంచి తీసేసి వేరేచోట తాళం వేసి పెట్టండి. తాగారన్న అనుమానం వస్తే హెల్ప్‌లైన్ కాదు, వెంటనే 108. వాంతి చేయించొద్దు, డబ్బాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి.