ఎదుటివాళ్ల మనసు తెలిసిపోతోందని అనిపిస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న ఒకటికి రెండుసార్లు చదివాను చెల్లెమ్మా. మీది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె, ఉమ్మడి కుటుంబం. ఫోన్లో వీడియోలు చూసి, దొరికిన పుస్తకాలు చదివి త్రాటకం (రెప్ప వాల్చకుండా ఒకే చోట చూసే సాధన), జోస్యానికి వాడే టారో కార్డులు, కొంత మంత్రజపం సొంతంగా నేర్చుకున్నానన్నారు. ఇప్పుడు మనిషిని చూడగానే లోపల ఏముందో తెలిసిపోతున్నట్టు ఉంటోందని, ముఖ్యంగా మీ తోటికోడలు మీకేదో చేయిస్తోందని గట్టిగా అనిపిస్తోందని రాశారు. వీడియోలు పెట్టే ఒకాయన కూడా అదే మాట అని, విరుగుడు పూజకు డబ్బు అడుగుతున్నారట. ఇది నిజమైన శక్తేనా, గురువు లేకుండా ముందుకు వెళ్లొచ్చా అన్నది మీ ప్రశ్న.

మీకు ఏదో తెలుస్తోందన్న మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ తెలిసిందనుకుంటున్న దాంట్లో కొంతే బయట నుంచి వచ్చింది, మిగతాది మీ మనసు కలిపింది. ఆ రెండూ విడదీసి చూడడం రాకముందే సాధన పెంచితే ముందు చెడేది ఇల్లే.

నేను గుణుపురంలో బట్టల దుకాణం నడుపుతాను. ధ్యానం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ విద్యల మీద గౌరవంతోనే ఇదంతా రాస్తున్నాను.

ముందు శాస్త్రం ఏమంటుందో చూడండి. ఎదుటివారి మనసు తెలియడాన్ని పరచిత్తజ్ఞానం అంటారు. పతంజలి యోగసూత్రాల్లో విభూతిపాదం అనే అధ్యాయంలో "ప్రత్యయస్య పరచిత్తజ్ఞానమ్" అని ఉంది. వీడియోల వాళ్లు దీన్ని గొప్పగా చెబుతారు. ఆ వెంటనే వచ్చే సూత్రం జోలికి మాత్రం చాలామంది వెళ్లరు: "న చ తత్ సాలంబనం తస్యావిషయీభూతత్వాత్". ఎదుటి మనసు ఏ స్థితిలో ఉందో యోగికి తెలుస్తుంది గానీ, అది దేన్ని పట్టుకుని అలా ఉందో తెలియదని దాని అర్థం. ఆ సూత్రాలకు పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం దాన్ని ఇంకా విప్పి చెబుతుంది. ఆ మనసులో రాగం, అంటే ఇష్టం ఉందని తెలుస్తుంది, ఫలానా దాని మీద రాగం అని మాత్రం తెలియదు. ఏళ్ల తరబడి సంయమం అనే లోతైన ధ్యానసాధన చేసిన యోగికే శాస్త్రం అక్కడ గీత గీసింది. మీ తోటికోడలి మనసులో మంట ఉందని మీకు తెలిసి ఉండొచ్చు. ఆ మంట మీ మీదేనని ఎలా తెలిసింది?

ఈ తేడా నాకు దుకాణంలో రోజూ కనిపిస్తుంది. ఒక సంత రోజు ఒకావిడ వచ్చి చీరలు తీయించింది. ఒక్కో చీర అంచు పట్టుకుని గట్టిగా లాగి చూస్తోంది. ధర చెబుతుంటే మాట పూర్తి కాకముందే "అంతా?" అని చీర పక్కకు నెట్టేసింది. గొడవకే వచ్చిందన్నట్టు మా కుర్రాడు నా వైపు చూశాడు. నిజంగానే ఆవిడ ఒంట్లో కోపం ఉంది, దవడలు బిగిసి ఉన్నాయి. మంచినీళ్లు ఇచ్చి, "ఏ ఊరమ్మా, పొద్దున్న ఏమైనా తిన్నావా" అని అడిగాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు. కేరళ పనికెళ్లిన కొడుకు ఫోన్ కొన్నాళ్లుగా స్విచాఫ్ వస్తోందట. ఇంట్లో కూతురి పెళ్లి. డబ్బు సంగతి అటుంచి, వాడు ఎలా ఉన్నాడో తెలియడం లేదని ఏడ్చేసింది. కోపం ఉన్న మాట నిజమే. మా ధర మీదా, మా మీదా కానే కాదు. ముఖం చూసి కోపాన్ని పట్టుకోవడం మా కుర్రాడికీ వచ్చింది, ఆ పూట నాకు తెలిసిందల్లా అడగడమే.

మా మేనత్త సంగతి కూడా చెప్పాలి. వంశధార పక్కన పల్లెలో ఉండేది. చేటలో బియ్యం పోసి చూసి చెప్పేది. జ్వరం తగ్గని పిల్లలు, తప్పిపోయిన ఆవులు, కుదరని సంబంధాలు, అన్నిటికీ ఆమె దగ్గరికే వచ్చేవారు. సవర గిరిజనుల ఇళ్ల నుంచీ వచ్చేవారు. సెలవులకు వెళ్లినప్పుడు నేను పక్కనే కూర్చునేదాన్ని. బియ్యంలో వేలు తిప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడేది కాదు. ఆ మౌనం భరించలేక వచ్చినవాళ్లే చెప్పడం మొదలుపెట్టేవారు. ఎవరి పేరు దగ్గర గొంతు తగ్గింది, ఎప్పుడు కొంగు వేలికి చుట్టుకుంది, వెంట వచ్చిన మొగుడు ఏ మాటకు గుమ్మం వైపు చూశాడు, ఇవేవీ ఆమె కన్ను దాటిపోయేవి కావు. తనచేత అమ్మవారే చెప్పిస్తోందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో కల్తీ లేదు, ఆమె అంటే నాకు ఇప్పటికీ పూజ్యభావమే. ఎవరి దగ్గరా డబ్బు ముట్టేది కాదు. ఇంకో నియమం కూడా ఉండేది. "ఇది ఎవరు చేశారో చెప్పు" అని అడిగితే చేట పక్కన పెట్టేసేది. "రోగం సంగతి అడుగు, చెబుతాను. మనిషి పేరు మాత్రం అడక్కు" అనేది. ఎంత పెద్దవాళ్లు వచ్చి బతిమాలినా ఆమె నోట ఎవరి పేరూ రాలేదు.

ఆ నియమం విలువ మన జిల్లాల్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాయగడ, గజపతి జిల్లాల్లో చిల్లంగి, అంటే చేతబడి పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మీరూ నేనూ చూస్తూనే ఉన్నాం. వాటిలో చాలావాటి వెనక ఒక పిల్లకు జబ్బు, ఒక గునియా (మంత్రవైద్యుడు) నోటి నుంచి వచ్చిన ఒక పేరు ఉంటాయి. ఒడిశా ప్రభుత్వం 2013లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. మనిషికి మంత్రగత్తె అని పేరు పెట్టడం, అలా పేరు పెట్టి వేధించడం ఆ చట్టం కింద నేరం. అదే ఏడాది మహారాష్ట్రలోనూ ఇలాంటి చట్టం వచ్చింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను ఆ ఆగస్టులోనే పుణెలో కాల్చి చంపారు. మీ ఇంట్లో అంత దూరం వెళుతుందని నేననడం లేదు. కానీ "చేయిస్తోంది" అన్న మాట ఒకసారి నోరు దాటితే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. దయచేసి ఆ మాట మీ ఆయన దగ్గర కూడా అనకండి.

ఇక మీ సాధన సంగతి. దీపం వైపు రెప్ప వాల్చకుండా చూసి కళ్లు మూసుకుంటే వెలుగు, రంగులు కనిపిస్తున్నాయని రాశారు. అవి అందరికీ కనిపిస్తాయి. ఒకే వెలుగును చూసి చూసి కంటిలోని కణాలు అలిసిపోవడం వల్ల ఆ ముద్ర కాసేపు నిలుస్తుంది. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో త్రాటకం షట్కర్మల్లో ఒకటి, అంటే శుద్ధి క్రియ. కన్నీళ్లు వచ్చేదాకా చూడమని, దానివల్ల కంటి జబ్బులు, మందకొడితనం పోతాయని ఉంది. ఎదుటివారి గుట్టు తెలుస్తుందని ఆ శ్లోకంలో లేదు. రాత్రిపూట అద్దంలో చూస్తూ చేసినప్పుడు మీ ముఖం వేరే ముసలావిడ ముఖంలా మారిందని భయపడ్డారు కదా, దాని గురించి తప్పకుండా తెలుసుకోండి. ఇటలీలో జొవాన్ని కపుటో అనే పరిశోధకుడు 2010లో ఇదే ప్రయోగం చేశాడు. మసక వెలుతురులో అద్దం ముందు పది నిమిషాలు కూర్చోబెడితే మామూలు మనుషులకే తమ ముఖం వికృతంగా, తెలియని మనిషిలా, చనిపోయిన బంధువులా కనిపించింది. కదలకుండా ఒకే చోట చూస్తే చుట్టూ ఉన్నవి చెరిగిపోతాయని ట్రాక్స్‌లర్ అనే వైద్యుడు 1804లోనే రాశాడు. చెరిగిన చోట మెదడు తనకు తోచింది నింపుతుంది. మీకు కనిపించిన ముసలావిడ ఎవరూ పంపగా వచ్చింది కాదు. అద్దం సాధన మాత్రం ఈ రోజే ఆపేయండి.

కార్డుల గురించి, ఆ వీడియోల ఆయన గురించి ఒక మాట. "మీరు అందరికీ సాయం చేస్తారు, మీకు కష్టమొస్తే మాత్రం ఎవరూ రారు. దగ్గరివాళ్లలోనే మీ మంచి ఓర్వలేనివాళ్లు ఉన్నారు." ఈ మాటలు చెబితే కాదనే మనిషిని నేను చూడలేదు. అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు 1948లో తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్లకు రాసిచ్చినట్టు ఇచ్చాడు. సరిగ్గా ఉందా అని అడిగితే అయిదుకు సగటున నాలుగు పైనే మార్కులు వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో మాటలు చాలావరకు బయట అమ్మే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవే. ఆ వీడియోల ఆయన అడిగిన డబ్బు పైసా కూడా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఇంకోసారి పంపకండి.

మరి మనసుకు తట్టేదంతా వట్టిదేనా అంటే, అలా అని నేను ఒప్పుకోను. మా దుకాణంలో పత్తి అమ్మాక ఇస్తాం, జీడిపిక్కల డబ్బు వచ్చాక ఇస్తాం అని బట్టలు అరువు తీసుకెళ్లేవాళ్లు చాలామంది. ఖాతా పుస్తకంలో పేరు రాసేటప్పుడే, ఈ మనిషి మాట మీద నిలబడతారని మనసుకు అనిపిస్తే పక్కన చిన్న చుక్క పెడతాను. అనుమానంగా ఉంటే గీత. ఖాతా తీరిన రోజున ఆ గుర్తు ఏం చెప్పిందో చూసుకుంటాను. ఏళ్లుగా ఇదే అలవాటు. ఏటేటా వచ్చే కుటుంబాల విషయంలో మనసు చెప్పింది చాలావరకు కుదురుతుంది. ఆ రోజే మొదటిసారి గుమ్మం ఎక్కిన మనిషి విషయంలో ఆ గుర్తుకు విలువ లేదు. కళ్లలోకి చూడకపోవడానికీ మోసానికీ సంబంధం లేదని కూడా ఆ పుస్తకమే నేర్పింది. కొండ మీంచి వచ్చే ఆడవాళ్లు నేల చూపులు చూస్తూనే మాట్లాడతారు, చెప్పిన రోజుకు డబ్బు తెచ్చి చేతిలో పెడతారు.

పెద్ద ఎత్తున లెక్క కట్టినవాళ్లదీ ఇంచుమించు ఇదే మాట. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు అబద్ధాన్ని పసిగట్టడం మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2006లో ఫలితం ప్రకటించారు. 24 వేల మందికి పైగా పాల్గొన్న ఆ ప్రయోగాల్లో ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పేది నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 2009లో రాసిన వ్యాసంలో అంతర్బుద్ధిని, అంటే మనసుకు తట్టేదాన్ని నమ్మడానికి రెండు షరతులు పెట్టారు. చూసేదానిలో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో తెలుసుకుని నేర్చుకునే అవకాశం ఉండాలి. నా ఖాతా పుస్తకంలో ఆ రెండూ ఉన్నాయి. ఫోన్లో కార్డులు తిప్పి చెప్పేదాంట్లో రెండూ లేవు.

అందుకే గురువు ఉన్నా లేకపోయినా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎవరి గురించైనా ఏదైనా తట్టిన క్షణంలోనే తేదీ వేసి రాయండి. "ఆమె మంచిది కాదు" అని రాస్తే ఎప్పటికీ సరిచూడలేరు. "ఈ నెలాఖరులోపు ఆమె ఫలానా పని చేస్తుంది" అన్నట్టు రాయండి. జరిగినవీ జరగనివీ రెండూ గుర్తు పెట్టండి. జరగనివి రాయకపోతే మనసు వాటిని నున్నగా తుడిచేస్తుంది.

కళ్లు మూసుకుని శ్వాస గమనించడం, నామజపం, పగటిపూట కాసేపు దీపం వైపు చూడడం, వీటికి గురువు లేకపోయినా నష్టం లేదు. ఊపిరి గట్టిగా బిగబట్టే ప్రాణాయామం, ఉపవాసంతో రాత్రి జాగరణ సాధనలు, శ్మశానం పేరు చెప్పే ఏ విద్యా ఒంటరిగా వద్దు. నిద్ర లేని శరీరానికి లేని గొంతులు వినిపించడం, లేని శత్రువులు కనిపించడం మామూలే. నేను వీలైనప్పుడల్లా రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వెళతాను. అక్కడ అమ్మవారికి ముఖం మాత్రమే ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఊరికే చూస్తాను, ఎవరి గురించీ ఏమీ అడగను. పతంజలే సమాధిపాదంలో మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల మంచికి సంతోషించడం), ఉపేక్ష (చెడును పట్టించుకోకపోవడం) అని నాలుగు చెప్పాడు, చిత్తం తేటపడడానికి. మీ తోటికోడలిని తలుచుకుని ముందు కరుణ సాధన చేసి చూడండి. సిద్ధులు, అంటే ఇలాంటి శక్తులు సమాధికి అడ్డంకులని చెప్పింది కూడా ఆయనే.

కొన్ని వారాలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదని మీ ప్రశ్న చివర్లో ఒక ముక్క రాశారు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే బరంపురం మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. దేవుడి మీద నమ్మకానికీ దానికీ పేచీ లేదు.

మీ పర్లాకిమిడిలోనే ఉండి గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల మనసు తెలుసుకోవాలనుకున్నప్పుడు, వాళ్ల భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా అడగడం, వినడం మానలేదు. మీ ఇంట్లో ఉన్నది మీ భాష మాట్లాడే మనిషే. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు "అక్కా, ఈమధ్య నీకు మనసు బాగున్నట్టు లేదు, ఏమైంది" అని అడగండి. "నా మీద ఎందుకు కోపం" అని మాత్రం మొదలుపెట్టకండి. మొదటిరోజు ఏమీ లేదనే అంటుంది. అప్పుడు ఆమె చేతిలో పని కాస్త మీరు అందుకోండి, రెండు రోజులు పోయాక మళ్లీ అడగండి. ఆమె ఏమన్నదో వీలైతే నాకు రాయండి.