పశువైద్య డిగ్రీ లేకుండా పశువుల జబ్బుల మీద పరిశోధన కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరంలో ఉంది. పశువులకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బ్యాక్టీరియా మీద పనిచేసే ఒక మైక్రోబయాలజిస్టు ప్రసంగం ఈమధ్య విని వచ్చింది. అప్పట్నుంచి తనూ అదే చేస్తానంటోంది. తను పశువైద్యం చదవలేదు కదా, ఆ రంగంలోకి ఎవరు రానిస్తారు? పైగా మనుషుల జబ్బుల మీదైతే నాలుగు ఉద్యోగాలుంటాయి, పశువుల మీద ఏముంటాయి? నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు డిగ్రీ సంగతి తేల్చేద్దామండీ. పశువును పరీక్షించి మందు రాయాలన్నా, ఆపరేషన్ చేయాలన్నా పశువైద్య పట్టా కావాలి. ఆ పశువు ముక్కులోంచి తీసిన బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, అదేమిటో, ఊపిరితిత్తిలో ఏం చేస్తుందో తేల్చడానికి మైక్రోబయాలజీ చాలు. కాకపోతే ఒంటరిగా చేసే పని కాదది. పక్కన పశువైద్యుడు ఉండాల్సిందే.

ఈ రంగంలో అలాంటి జోడీ కొత్తేమీ కాదు. పశువుల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే ఊపిరితిత్తుల జబ్బు ఒకటుంది, పొట్టిగా సీబీపీపీ అంటారు. 19వ శతాబ్దంలో అది దేశాల మీద దేశాలు దాటుకుంటూ పోయింది. అమెరికా 1884లో పశువుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ బ్యూరో పెట్టడానికి ముఖ్య కారణం అదే. ఆ జబ్బు తెచ్చే జీవిని 1898లో మొదటిసారి పెంచి చూపించినవాళ్లు ఇద్దరు. ఎడ్మండ్ నొకార్ పశువైద్యుడు. ఎమిల్ రూ మనుషుల వైద్యం చదివి పాశ్చర్ దగ్గర పనిచేసినవాడు. జబ్బు పశువు ఛాతీలో ఊరిన నీటిని కొద్దిగా తీసి, పోషక ద్రవం నింపిన చిన్న కొలోడియన్ (పలచటి పొరలాంటి పదార్థం) సంచిలో కలిపి, ఆ సంచిని కుందేలు కడుపులో అమర్చి, రెండు మూడు వారాలు ఆగారు. అప్పటిదాకా ఎవరికీ చిక్కని మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా అలా దొరికింది. పశువు గురించి తెలిసిన మనిషీ సూక్ష్మజీవి గురించి తెలిసిన మనిషీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే వచ్చిన ఫలితం అది. మీ అమ్మాయిది అందులో రెండో కుర్చీ.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. రోగనిర్ధారణ ల్యాబు అధిపతి, పాథాలజిస్టు, పశువుల మీద మందు ప్రయోగాలు నడిపే బాధ్యుడు లాంటి కొన్ని పోస్టులకు పశువైద్య డిగ్రీ అడుగుతారు. ఆ తలుపులు తనకు మూసి ఉంటాయని ముందే తెలిసి రావడం మంచిది.

అసలు తను ఏ ప్రశ్న మీద పనిచేయబోతోందో మీరూ కాస్త తెలుసుకుంటే ఇంట్లో మాట సులువవుతుంది. పశువుల న్యుమోనియాలో తరచూ కనిపించే బ్యాక్టీరియా నాలుగు: మాన్‌హీమియా హీమోలైటికా, పాశ్చరెల్లా మల్టోసిడా, హిస్టోఫిలస్ సోమ్ని, మైకోప్లాస్మా బోవిస్. తమాషా ఏమిటంటే ఇవి ఆరోగ్యంగా గంతులేసే దూడ ముక్కులోనూ దొరుకుతాయి. అక్కడ పడి ఉంటాయి, ఏమీ చేయవు. తల్లి నుంచి వేరు చేసి, లారీలో దూరప్రయాణం చేయించి, కొత్త మందలో కలిపితే కథ మారుతుంది. పైనుంచి ఏదో వైరస్ తగిలిందంటే ముక్కులో ఊరుకున్నవే ఊపిరితిత్తిలోకి దిగుతాయి. ఈ జబ్బును ఇంగ్లిష్‌లో షిప్పింగ్ ఫీవర్ అనడం అందుకే. కాబట్టి 'ఈ క్రిమి ఉందా, లేదా' అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. 'నిన్నటిదాకా ఊరుకున్నది ఇవాళ ఎందుకు ఊరుకోలేదు' అన్నది పెద్ద ప్రశ్న. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుంటున్నది దాని మీదే.

మాన్‌హీమియా సంగతి చూడండి. అది లూకోటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం నెమరువేసే జంతువుల తెల్ల రక్తకణాలనే పట్టి చంపుతుంది, మన కణాల జోలికి రాదు. తెల్ల రక్తకణాల మీద సీడీ18 అనే ప్రోటీన్ ఉంటుంది. మిగతా జంతువుల్లో దాని మొదటి ముక్క తెగి రాలిపోతుంది, నెమరువేసేవాటిలో తెగకుండా మిగిలిపోతుంది. విషానికి దొరికే పట్టు అదే. ఆ ముక్క కూడా తెగేలా జన్యువు సరిదిద్దిన ఆవు పిండం తెల్లకణాలు ఈ విషాన్ని తట్టుకున్నాయని 2016లో ఒక పరిశోధన చూపించింది. ఇలాంటి ప్రశ్నకు ల్యాబు ఎలుక జవాబు చెప్పలేదు, పశువు కణాలే కావాలి. అందుకే ఈ రంగంలో ఏసీ గదిలో కూర్చుని మొత్తం పని ముగించడం కుదరదు.

ఈ మాట గట్టిగా అనడానికి కారణముంది. కొన్నేళ్ల కిందట ఒకబ్బాయికి మైక్రోబయాలజీలో వచ్చిన మార్కులు చూసి ఇలాంటి ల్యాబులోనే చేరమన్నాను. చేరాడు. చచ్చిన దూడకు పోస్ట్‌మార్టం చేసి, గట్టిపడ్డ ఊపిరితిత్తిని కోసి నమూనా తీయడం ఒక్కసారి చూశాడు, రెండో వారం మానేశాడు. తప్పు వాడిది కాదు, నాది. అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు.

అందుకని ఇప్పటి నుంచి నేను మాట్లాడేది మీ అమ్మాయితో.

అమ్మా, పీజీ దరఖాస్తులకు ముందు రెండు మూడు నెలలు పశువుల రోగనిర్ధారణ ల్యాబులో ఇంటర్న్‌షిప్ చేయి. జీతం ఇవ్వకపోయినా పర్వాలేదు. దూడ తల పట్టుకుని ముక్కులో లోపలిదాకా స్వాబ్ పెట్టడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది. తీసిన స్వాబ్ సమయానికి, చల్లగా ల్యాబు చేరకపోతే ఎంత పని వృథా అవుతుందో కూడా తెలుస్తుంది. బ్లడ్ అగార్ (రక్తం కలిపిన పోషక జెల్లీ) మీద మాన్‌హీమియా మర్నాటికల్లా కాలనీలు కట్టి, చుట్టూ పలచటి వలయం చూపిస్తుంది. పాశ్చరెల్లాని పాతకాలం వాళ్లు ప్లేటు మూత తీయగానే వాసనతో పోల్చేవారట, నువ్వు మాత్రం ఆ పని చేయకు. హిస్టోఫిలస్‌కు కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి కావాలి. మైకోప్లాస్మా కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి, చివరికి మైక్రోస్కోప్ కింద పెనం మీద కొట్టి పోసిన గుడ్డులా కనిపిస్తుంది. దానికి కణకవచం లేదు, కాబట్టి పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు. ఇవన్నీ పరీక్షల కోసం చదివే ఉంటావు. చేత్తో చేశాక కూడా ఇష్టం మిగిలితే అప్పుడు ముందుకెళ్లు.

కల్చర్ (క్రిమిని పెంచడం), పీసీఆర్ (దాని డీఎన్ఏను పట్టే పరీక్ష) అందరికీ వస్తాయి. నిన్ను పక్కవాళ్లకన్నా ముందు నిలబెట్టేవి ఇంకో రెండున్నాయి. మొదటిది జీనోమ్ డేటా చదవడం. పాశ్చరెల్లాలో కణం నుంచి కణానికి దూకే ఒక డీఎన్ఏ ముక్క మీద ఏకంగా 12 యాంటీబయాటిక్ నిరోధక జన్యువులున్నట్టు 2012లో ప్రచురించారు. అలాంటిది ప్లేటు మీద కనిపించదు, కంప్యూటర్ మీద కనిపిస్తుంది. రెండోది స్టాటిస్టిక్స్. ఒకే కొట్టంలో ఒకే గాలి పీల్చే 20 దూడల నుంచి 20 నమూనాలు తెచ్చి, 20 వేర్వేరు రుజువులు దొరికాయని రాసేవాళ్లను చూశాను. అవి 20 కావు, ఒకే క్రిమి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని ఉండొచ్చు. ఈ ఒక్క విషయం అర్థమైన విద్యార్థిని ఏ గైడూ వదులుకోడు.

పేర్ల గొడవ కూడా తెలిసి ఉండాలి. మాన్‌హీమియాను 1999 దాకా పాశ్చరెల్లా హీమోలైటికా అనేవారు. హిస్టోఫిలస్‌కు ఆ పేరు 2003లో వచ్చింది, అంతకుముందు హీమోఫిలస్ సోమ్నస్. కొత్త పేరుతో మాత్రమే వెతికితే పాత పరిశోధన సగం నీకు కనబడదు. 'ఎం. బోవిస్' అని పొట్టిగా రాసేది మైకోప్లాస్మా బోవిసా, పశువుల క్షయ తెచ్చే మైకోబ్యాక్టీరియం బోవిసా అన్నది చూసుకో. ఒకటనుకుని ఇంకో ల్యాబుకు ఉత్సాహంగా మెయిల్ పెట్టినవాళ్లున్నారు.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేరుకన్నా ముందు మూడు సంగతులు కనుక్కో. జట్టులో పశువైద్యుడు ఉన్నారా? పశువుల మీద పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇప్పటికే ఉందా, నువ్వు చేరాక తెచ్చుకోవాలా? పాత విద్యార్థులు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు? మూడోది గైడును కాదు, ఆ విద్యార్థులనే అడుగు.

మళ్లీ మీ దగ్గరికొస్తున్నానండీ, ఉద్యోగాల ప్రశ్నకు. మనుషుల వైపు ఉద్యోగాలు ఎక్కువే, నిజం. పోటీ కూడా ఎక్కువే. పశువుల వైపు టీకా కంపెనీలు, పరీక్షా కిట్లు తయారుచేసేవాళ్లు, పశువుల మందుల సంస్థలు, ప్రభుత్వ రోగనిర్ధారణ ల్యాబులు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. సీబీపీపీ టీకా ఉదాహరణ చెప్తాను. దాని పేరు టీ1/44. గుడ్లలో 44 సార్లు పెంచి బలం తగ్గించిన రకం కాబట్టి ఆ అంకె. ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే అయినా, అది ఇచ్చే రక్షణ ఎక్కువ కాలం నిలవదు. అంతకన్నా మంచిదాని కోసం నైరోబీలోని అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ లాంటి చోట్ల పని జరుగుతోంది. అంటే తేలని పని చాలానే ఉంది. న్యూజిలాండ్‌లో 2017లో మైకోప్లాస్మా బోవిస్ బయటపడితే, దాన్ని దేశంలో లేకుండా చేయాలని మరుసటి ఏడాది నిర్ణయించి లక్షకు పైగా పశువులను తీసేశారు. అలాంటి కార్యక్రమం ఏ మందలో జబ్బుందో చెప్పే ల్యాబు మనుషులు లేకుండా నడవదు.

కష్టం మాత్రం డబ్బు దగ్గరా, కాలం దగ్గరా ఉంది. పీజీ తర్వాత పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. ఆ పైన కొన్నేళ్లు కాంట్రాక్టు ఉద్యోగాలు. అన్నేళ్లూ స్టైపెండ్ మీదే బతకాలి. మీ ఇంటి పరిస్థితి దానికి ఒప్పుకోకపోతే పీజీ అయ్యాక టీకా కంపెనీ క్వాలిటీ విభాగంలోనో, రోగనిర్ధారణ ల్యాబులోనో చేరి, రెండు మూడేళ్ల తర్వాత పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. అలా వచ్చినవాళ్లను గైడ్లు ఇష్టపడతారు కూడా. ఒకవేళ మధ్యలో మనసు మారినా నష్టం తక్కువ. యాంటీబయాటిక్ నిరోధకతను పరీక్షించడం నేర్చుకున్న మనిషికి ఆసుపత్రి ల్యాబులోనూ, ఆహార భద్రత ల్యాబులోనూ చోటుంటుంది.

ఆ ప్రసంగంలో బాగా గుర్తున్నదేమిటని ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయిని అడగండి. బ్యాక్టీరియా గురించే చెబితే మైక్రోబయాలజీలో తనకు దారులు చాలా ఉన్నాయి, పశువుల దగ్గరే ఉండక్కర్లేదు. దూడ గురించి కూడా చెబితే ఇంటర్న్‌షిప్ దరఖాస్తు రాయడానికి తన పక్కన కూర్చోండి.